అంబలి మరక పడిన పచ్చ చీర

ఇలా గడప దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టనక్కర్లేదు. నా ఒళ్ళోనూ మల్లెమొగ్గలు ఉన్నాయి. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి, మనం మాట్లాడుకుందాం.

నేను చదివింది ఐదో తరగతి. పుట్టింది సత్యవేడు పక్కన ఒక పల్లె. పెళ్ళై తిరుపతికి వచ్చాను. అప్పటి నుంచి తిరుచానూరు అమ్మవారి గుడి వీధిలో పూలు కట్టి అమ్ముతున్నాను. తెల్లవారుతూనే పూలంగడికి పోయి బుట్ట నింపుకోవాలి. నిన్నటి పూలకు నీళ్ళు చల్లి ఈరోజువని అంటగట్టే వాళ్ళు అక్కడ చాలామంది. చూడ్డానికి రెండూ ఒకటే. నేను మాత్రం గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవి నిన్నటివప్పా, పక్కన పెట్టు" అనేదాన్ని. ఆ ముక్కుకు అంగడిలో మంచి పేరుంది. దూరంగా నన్ను చూస్తేనే పాత బుట్టలు వెనక్కి జరిపేవాళ్ళు.

పగలంతా మల్లెలు, మరువం, దవనం. సాయంత్రమైతే అదే ముక్కు మా ఆయన నోటి దగ్గర.

మా ఆయనది లాడ్జీలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని. కొండ దిగి వచ్చిన యాత్రికులు పడుకుని పోయిన దుప్పట్లు రోజూ గుట్టలుగా ఉండేవి. ఇద్దరు చెరో కొస పట్టుకుని మడవాల్సిన దుప్పటిని ఆయన ఒక్కడే గడ్డం కింద ఒక కొస నొక్కిపెట్టి, అంచుకు అంచు తాకేలా మడిచేవాడు. తాగి ఉన్నప్పుడు కూడా ఆ మడత తప్పేది కాదు. అందుకే లాడ్జీ వాళ్ళు చాలా ఏళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

తాగుడు సంగతి నాకు పెళ్ళికి ముందు తెలియదు. కాపురానికి వచ్చిన మూడో నెలలో మా అత్త నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె మొగుడూ తాగి తాగి పోయినవాడే. చారు పెట్టడం నేర్పినంత నిదానంగా ఆమె నాకు ఒక పని నేర్పింది.

"నేరుగా పోయి మూతి కాడ ముక్కు పెడితే మగోడికి కోపమొస్తాది అమ్మీ. వాకిట్లోనే నిలబడుకో. 'ఏం కూర తిన్నావు' అని అడుగు. నోరు మూసుకోని కూర పేరు ఎవురూ సెప్పలేరు. గాలి దానంతట అదే వస్తాది."

ఆ రోజు నుంచి సాయంత్రం చెప్పుల చప్పుడు వినగానే వాకిట్లోకి పోయేదాన్ని.

"ఏం కూర తిన్నావయ్యా?"

"వంకాయ."

అంతే చాలు. నాకు తెలిసిపోయేది. వెనక నుంచి అత్త కళ్ళతోనే అడిగేది. నేను కళ్ళతోనే చెప్పేదాన్ని.

అబద్ధం ఎందుకు, తాగినప్పుడు ఆయనంత సరదా మనిషి మా వీధిలో ఇంకొకడు లేడు. లాడ్జీకి వచ్చే జనం మాటా నడకా అచ్చంగా దింపేవాడు. ఒకాయన వేడినీళ్ళ కోసం మెట్ల మీద నుంచి కేకేసే తీరు, ఒకామె దుప్పటిని వెలుతురుకు పట్టి మరకలు వెతికే తీరు, గుండు చేయించుకున్న పెద్దమనిషి అద్దంలో తనను తాను చూసి ఎవరో అనుకుని పక్కకు తప్పుకునే తీరు. మా అత్త పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇట్లాంటోడు తాగకుండా ఉంటే ఎంత బాగుండు" అని అప్పుడు ఏడ్చేది. మా బిడ్డ చిన్నది, ఏది నవ్వో ఏది ఏడుపో తెలియక చప్పట్లు కొట్టేది.

ఎండలు ముదిరే వేళకు తిరుపతిలో గంగజాతర వస్తుంది. వారం రోజులు రోజుకో వేషం. చివరి రోజుల్లో మొక్కు ఉన్న మగవాళ్ళు చీర కట్టి, పూలు ముడిచి, గాజులు తొడుక్కుని అమ్మవారి దగ్గరికి పోతారు. మా ఆయన ప్రతి ఏడూ కట్టేవాడు. ఒక ఏడు నా పెళ్ళి చీర కట్టుకుని పోయి, లుంగీతో తిరిగి వచ్చాడు. లుంగీ కూడా మాది కాదు.

"చీరేదయ్యా?"

"యాడనో ఉండాది. వస్తాది లే."

"చీర నడుసుకుంటా వస్తాదా?"

వీధి వీధంతా వెతికాను. దొరకలేదు. ఎర్ర చీర, చిలకల అంచు. ఇప్పటికీ జాతరలో ఎవరి ఒంటి మీదైనా అలాంటి అంచు కనిపిస్తే నా మెడ దానంతట అదే తిరుగుతుంది.

ఆ ఏడు వానల్లోనే ఆయన రక్తం కక్కుకున్నాడు. ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉంచారు. మంచం పక్కన కూర్చుని మా అత్త మొక్కుకుంది: "తల్లీ, నా బిడ్డ లేచి తిరిగితే, ఒంటి మీద సుక్క వాసన లేకుండా నీ వేషం కట్టిస్తా." తాగుడు మాన్పించే చోటికి డాక్టరు పంపితే అక్కడ ఇంకో నెల ఉండి, ఆయన ఇంటికి వచ్చాడు.

వచ్చిన మనిషి నాకు తెలిసిన మనిషి కాదు. మాట లేదు, నవ్వు లేదు. పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తన చేతులనే చూసుకునేవాడు. పాత స్నేహితులు వీధి మలుపులో కనిపిస్తే ఇంకో సందులో తిరిగి వచ్చేవాడు. ఒకరోజు నేను మామూలుగానే, "ఏం కూర సేయమంటావు?" అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. "తెల్దు మే" అన్నాడు.

అలిగి అన్న మాట కాదది. నిజంగానే ఆయనకు తెలియదు. అన్నేళ్ళూ మందులోకి నంజుకోవడానికి కారం కారంగా ఉంటే చాలు. నాలుకకు ఏది ఇష్టమో అడిగిన వాళ్ళు లేరు, చెప్పే తెలివిలో ఆయనా లేడు. సరేనని ఒక్కో రోజు ఒక్కో కూర చేసి ముందు పెట్టాను. కాకరకాయ వద్దన్నాడు. చిక్కుడుకాయ ఊరికే తిన్నాడు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో గుమ్మడికాయలో బెల్లం వేసి చేస్తే గిన్నె వైపు రెండుసార్లు చూశాడు. నలభై దగ్గర పడిన మనిషికి తీపి ఇష్టమని ఆ రోజు తెలిసింది, ఆయనకూ నాకూ.

తాగుడు మానేసిన వాళ్ళంతా వారానికి ఒకసారి ఒక మేడ మీద గదిలో కలిసేవాళ్ళు. మూడో ఏడు కాబోలు, ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. చాప మీద వెనక కూర్చున్నాను. మా ఆయన లేచి నిలబడి, "నేను తాగుబోతును. మానేసి మూడేండ్లాయె" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆటోలో వస్తూ అడిగేశాను.

"మానేసినాక గూడా తాగుబోతునని ఎందుకు సెప్పుకుంటాండావయ్యా? పదిమందిలో నాకు సిగ్గుగాదా?"

"ఆడ సెప్పుకుంటేనే బయట అనిపించుకోకుండా ఉంటా మే" అన్నాడు.

నాకు సగమే అర్థమైంది. ఆ సాయంత్రం కూడా వాకిట్లో నిలబడి, "ఏం కూర తిన్నావు" అని అడిగాను. అవును, మానలేదు. మూడేళ్ళు, ఐదేళ్ళు, ఆరేళ్ళు గడిచాయి. ఆయన ఏ రోజూ విసుక్కోకుండా నోరు తెరిచి కూర పేరు చెప్పేవాడు. అడగడం వెనక ఏముందో ఆయనకు తెలియదనే నేను అనుకున్నాను.

ఏడో ఏడు జాతర చాటింపు వినపడగానే మా అత్త పట్టు పట్టింది. అప్పటికి ఆమె చూపు బాగా తగ్గిపోయింది. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు.

"నా కండ్లు పూర్తిగా పోకముందే నువ్వు వేషం కట్టాల నాయనా. మొక్కు అట్లే నిలిచిపోయుండాది."

"భయంగా ఉండాదిమా" అన్నాడు ఆయన. "ఆ వేషంలో తిరిగినోడు ఎవుడో నాకే తెల్దు. మళ్ళా వాడొస్తే?"

అయినా తల్లి మాట కాదనలేకపోయాడు. నా ముందుకు వచ్చి, బడి పిల్లవాడిలా నిలబడి, "ఒక చీర ఇస్తావా?" అన్నాడు.

పెట్టె తెరిచాను. చేయి దానంతట అదే అడుగున ఉన్న పాత వాయిల్ చీర మీదికి పోయింది, పోతే పోయిందనుకునే చీర. ఆయన దానికే చేయి చాచాడు. పక్కనే ఉన్న మా బిడ్డ, అప్పుడు ఇంటర్ చదువుతోంది, "అమ్మా, మంచిది ఇయ్యిమా" అంది. నాకు రోషం వచ్చింది, సిగ్గూ వేసింది. పైనున్న పచ్చ చీర తీసి ఇచ్చాను. మామిడిపిందెల అంచు, రెండుసార్లే కట్టిన చీర.

ఆ పొద్దు మా ఇంట్లో ఎంత నవ్వు! మీసం తీసి వచ్చిన కొడుకు ముఖాన్ని మా అత్త చేతులతో తడిమి, "అచ్చం మీ అవ్వ మాదిరి ఉండావు గదరా" అంది. బిడ్డ కాటుక పెట్టింది. నేను మల్లెలు, కనకాంబరాలు కలిపి మూర పొడుగు దండ కట్టి పెట్టుడు జడకు చుట్టాను. చేతిలో వేపమండ పట్టుకుని ఆయన గడప దాటుతుంటే వీధిలో ఎవరో, "ఏం వదినా, మీ ఇంట్లో ఇంగొకామె ఉండాదని సెప్పనేలేదే!" అని అరిచారు. ఆయన పెదవి కొంచెం కదిలింది.

ఆయన వెళ్ళాక నా నవ్వు ఎటు పోయిందో పోయింది. పూలు ముందు వేసుకుని కూర్చున్నాను, ఒక్క మూర కూడా తెమల్లేదు. జాతర నాడు బ్రాందీ షాపు దగ్గర జనం ఎలా ఉంటారో నాకు తెలియదా? పాత స్నేహితులందరూ ఈ రోజు రోడ్డు మీదే ఉంటారు. పన్నెండైంది, ఒకటైంది. ఎర్ర చీరే కళ్ళ ముందు ఆడుతోంది.

రెండు దాటాక వీధి చివర పచ్చ చీర కనిపించింది. ఊగుతూ వస్తోంది. ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు, గోడ పట్టుకుని ఒక నిమిషం ఆగి, మళ్ళీ అడుగు. దగ్గరికి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏం కూర తిన్నావయ్యా?"

"కూరేం లేదు మే, ఒక ఇంటి కాడ..."

పుల్లటి వాసన. పులిసిన, ఘాటైన వాసన. అంతే. ఇంకేమీ వినలేదు నేను.

"తాగినావు గదయ్యా!" అని అరిచాను. "అమ్మవారి వేషం కట్టుకోని తాగినావు గదా! ఏడేండ్లు నన్ను మోసం జేసినావు గదా!"

వీధిలో డప్పు కొట్టేవాళ్ళు చేయి ఆపారు. పై అంతస్తు వాళ్ళు తొంగి చూశారు. మా అత్త లోపల నుంచి, "ఏమైందమ్మీ, ఏమైంది?" అంటోంది. ఆయన జడలో నా పూలతోనే నా ముందు నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. మెల్లగా అన్నాడు:

"ఇరవై ఏండ్లుగా నన్ను కూర పేరు అడుగుతాండావు. ఒక్క దినమన్నా ఆ కూర పేరు విన్నావా మే?"

లోపలికి పోయాడు. గాజులు, జడ తీసి గూట్లో పెట్టాడు. చీర విప్పి, ఒక కొస గడ్డం కింద పెట్టుకుని, లాడ్జీ దుప్పటి మడిచినట్టు అంచుకు అంచు తాకించి మడిచాడు. ఆ మడతను నా చేతుల్లో పెట్టి, లుంగీ చొక్కా వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నేను చీర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మడత మీద, కుచ్చిళ్ళు వచ్చే చోట, అరచేతి వెడల్పు మరక. మట్టిరంగు మరక. అలవాటు కదా, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రాగిపిండి. మజ్జిగ. చిన్న ఉల్లిపాయలు.

అంబలి.

జాతర నాడు తిరుపతిలో వీధికో ఇంటి ముందు కుండల్లో అంబలి పెట్టి వచ్చే పోయే వాళ్ళకు పోస్తారు. పొద్దున నేనూ కాచాను. కానీ ఆ ఎండకు మధ్యాహ్నానికి కుండలో అది పొంగి, కల్లు పులిసినట్టే పులుస్తుంది. ఊగుతూ వచ్చాడంటే, చీర కట్టి ఏడేళ్ళైన మనిషికి అది కాళ్ళకు అడ్డం పడకుండా ఉంటుందా? ఎర్రటి కళ్ళంటే చెమటకు కాటుక కారి మండిన కళ్ళు. మూడు గుర్తులూ నేను పట్టుకున్నవే, వాటిని కలిపిన భయమూ నాదే. పూలంగడిలో పేరు మోసిన ముక్కు ఇంట్లో తప్పింది.

అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. అంతమందిలో అంత మాట అనిపించుకున్న మనిషి ఇప్పుడు ఎటు పోతాడు? ఏడేళ్ళు ఆయన ఒక్కొక్క రోజుగా కట్టుకుంటూ వచ్చిందాన్ని నా చేత్తోనే తెంచేశానా?

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మలుపులో బ్రాందీ షాపు. మగవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు, సగం మంది చీరల్లో. ఒక్కొక్క ముఖమూ చూసుకుంటూ పోయాను. షాపు ముందు సుండలు అమ్మే ఆమె, ఉడికించి తాలింపు వేసిన ఆ శనగలు పొట్లం కడుతూ నన్ను చూసింది.

"ఎవురి కోసరమక్కా?"

"మా ఆయన. లాడ్జీలో ఇస్త్రీ చేసేవాడు."

"ఆయనా? ఈడికా?" అని నవ్వింది. "ఆయన ఈ పక్కకొచ్చి ఏడేండ్లాయె గదక్కా. నా సుండలు కావాలన్నా ఆ కరెంటు స్తంభం కాడ్నే నిలబడుకోని ఇంగొకర్ని పంపిస్తాడు. ఈడ అందరికీ తెలుసే. నీకు తెల్దా?"

ఆ మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఎవరో చల్లటి నీళ్ళు నెత్తిన పోసినట్టయింది.

"అదో, ఆ సందులో అంబలి పోస్తాండారు. ఆడుండాడు పో" అంది.

సందులో పెద్ద కుండల ముందు నిలబడి మా ఆయన గరిటెతో అంబలి పోస్తున్నాడు. లుంగీ, చొక్కా. కళ్ళ చుట్టూ మాత్రం చెరిగిన కాటుక, నుదుటిన రూపాయంత బొట్టు, తీసేయడం మరిచిపోయినట్టున్నాడు. నేను వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తప్పైపోయిందని చెప్పాలి. చెప్పే బదులు అక్కడున్న గ్లాసు తీసి చాచాను.

ఆయన నన్ను చూసి, గరిటె ఆపి, "వాసన సూసుకోని తాగు. పులిసిండాది" అన్నాడు.

తాగాను. ఇంకోటి పోయమన్నాను. పోశాడు. "మళ్ళా?" అన్నాడు. మళ్ళీ పోయించుకున్నాను. మూడో గ్లాసు నా కళ్ళనీళ్ళతోనే దిగింది. ఆయన గరిటె పక్కనున్న వాళ్ళకిచ్చి, చేతులు కడుక్కుని, నా ఒట్టి కాళ్ళ వైపు చూసి, "నీడలో నడువు, కాలతాది" అన్నాడు.

గడప ఎక్కుతుంటే లోపల మంచం మీద నుంచి మా అత్త, అడుగుల చప్పుడు విని కొడుకే అనుకుని, కంగారుగా అడిగింది:

"ఏం కూర తిన్నావు నాయనా?"

"నేనత్తా" అంటూ దగ్గరికి పోయాను.

ఆమె ముక్కు ఎగబీల్చింది. చేయి గుండెల మీద పెట్టుకుంది. "అయ్యయ్యో! నువ్వెప్పుడు మొదులుపెట్టినావమ్మీ?"

నా వెనక ఒక శబ్దం. తిరిగి చూస్తే మా ఆయన గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఏడేళ్ళైంది. నవ్వు ఆగాక, కొంగు నడుముకు చెక్కినట్టు చేసి, కళ్ళు పెద్దవి చేసి, "తాగినావు గదయ్యా!" అని అచ్చం నాలాగే అరిచి చూపించాడు. తర్వాత దుప్పటి వెలుతురుకు పట్టే ఆమెను దింపాడు, గుండు పెద్దమనిషిని దింపాడు. మా అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. ఈసారి చివర్లో ఏడవలేదు. అన్నేళ్ళూ ఆ సరదా మనిషి మందుతో పాటే పోయాడని నాలోపల నేను దిగులుపడ్డాను, ఎవరికీ చెప్పుకోలేని దిగులు. ఆయన ఎక్కడికీ పోలేదు. నేను వాకిట్లో అడ్డంగా నిలబడి ఉంటే లోపలికి ఎలా వస్తాడు?

ఆ సాయంత్రం చీర నానబెడుతుంటే మా బిడ్డ పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మా, నాయన వీధి మలుపు అవతల ఉండంగానే నేను పోయి వాసన సూసినా. అంబలని తెలిసింది. నేను ఎనకాలే వచ్చి నీకు సెప్పే లోపలే నువ్వు అరిచేసినావు."

నా చేయి నీళ్ళలోనే ఆగిపోయింది. ఎవరు నేర్పారు దానికి? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకుంది. అత్త నాకు, నేను దానికి. నగ ఇచ్చినట్టు ఇచ్చుకుంటూ పోతున్నాం. "రేపట్నుంచి నువ్వు నిలబడొద్దు. నేనూ నిలబడను" అన్నాను.

అన్నంత సులువు కాలేదు. చాలా నెలలు, చెప్పుల చప్పుడు వినగానే మోకాళ్ళు లేవబోయేవి. పూలబుట్ట ఒళ్ళో బరువుగా పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన అది గమనించి, గడప అవతలే ఆగి, "ఊదమంటావా?" అని ఏడిపించేవాడు. "పోవయ్యా" అనేదాన్ని. కొన్నాళ్ళకు ఆ ఎగతాళి కూడా పాతబడింది.

మా అత్త పోయి రెండేళ్ళైంది. మరక మాత్రం పూర్తిగా పోలేదు. ఆయనే లాడ్జీలో వాడే సబ్బు తెచ్చి ఉతికాడు, అయినా వెలుతురుకు పడితే కనపడుతుంది. ప్రతి జాతరకూ అదే చీర ఇస్తాను. మా ఇల్లు యాడని ఆటోవాళ్ళను అడిగితే ఒకప్పుడు ఏమని చెప్పేవాళ్ళో చెప్పను, ఇప్పుడు "అంబలి పోసే ఆయన ఇల్లా?" అంటారు. ఆయన మాత్రం ఇంకా వారానికోసారి ఆ మేడ గదికి పోతాడు, లేచి నిలబడి అదే మాట చెప్పుకుంటాడు. ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

అదో, చెప్పుల చప్పుడు. నేను లేవను, చూడండి. ఇక్కడి నుంచే, వాసన అందనంత దూరం నుంచే అడుగుతాను.

"ఏం కూర సేయమంటావయ్యా?"

"గుమ్మడికాయ. బెల్లం కొంచెం ఎక్కువెయ్యి."

విన్నారా? నేనూ విన్నాను.

ఈ పూలమూర తీసుకుపోండి, ఈరోజువే. మీ ఇంటికి సాయంత్రం వచ్చే అడుగుల కోసం ఎవరూ భయంతో వాకిట్లో నిలబడకుండా ఉండాలి. మీ పొయ్యి మీద ఇష్టమైన కూర ఉడకాలి. మీ పెట్టెలోని మంచి చీర ఎవరికిచ్చినా మడత చెడకుండా మీ చేతికే తిరిగి రావాలి. చల్లగా ఉండండి.